వంద మణుగుల పండుమిర్చి, ముప్ఫై మణుగుల తెలివి

చేతిలో లెక్క ఉంది కదా అని మీరు ఎప్పుడైనా ఒక మనిషిని అనుమానించారా? తొందరపడి లేదనకండి, ఆలోచించుకోండి. నన్నడిగితే నేనూ ఒకప్పుడు లేదనే చెప్పేవాణ్ణి. ఆ రోజుల్లో హేతువాదం నాకు ఒంటికి రాసుకున్న కారం లాంటిది. నేను మండుతూ ఎదుటివాళ్ళనూ మండించేవాణ్ణి. గుంటూరులో బి.ఏ. చదువుతూ, హాస్టలు వరండాలో వాదనలు గెలుస్తూ, సెలవులొస్తే అద్దంకి పక్క పల్లెలో ఉన్న మా మేనమామ ఇంటికి చేరి అక్కడి మూఢనమ్మకాల బూజు దులిపేవాణ్ణి. (ఊళ్ళోవాళ్ళు నాకు 'ఎందుకయ్య' అని పేరు పెట్టారు, ప్రతిదానికీ ఎందుకని అడుగుతానని. నేను దాన్ని బిరుదనుకున్నాను.)

ఆ ఏడు పరీక్షలు ముగించుకుని వెళ్ళేసరికి మిరప రెండో కోత నడుస్తోంది. కోసిన పండుమిర్చిని కళ్ళంలో ఎండబోయడానికి మామయ్య పంచాంగంలో మంచిరోజు వెతుకుతున్నాడు. ఎండకు రాహుకాలం తెలుసా, మబ్బుకు వర్జ్యం తెలుసా అని నేను గంటసేపు వాదించాను. మామయ్య ఓడిపోయాడు. పంచాంగాన్ని మేకు మీంచి తీసేశాడు. నేను పొంగిపోయాను కానీ, ఆ మేకుకు ఏం తగిలించబోతున్నాడో చూడలేదు.

కాటా వేస్తే పచ్చిసరుకు వంద మణుగులు తూగింది. (కిలోలు ఇంకా మా వైపు రాలేదు.) ఎండితే ఎంత అవుతుందని మామయ్య అడిగాడు. నా దగ్గర వ్యవసాయశాఖ వారి కరపత్రం ఒకటుంది. పండుమిర్చిలో నూటికి ఎనభై పాళ్ళు నీరు, బాగా ఎండిన కాయలో నూటికి పది పాళ్ళు నీరు అని అందులో రాశారు. ఎనభైలోంచి పది తీసేస్తే డెబ్భై. పోయేది డెబ్భై మణుగులు, మిగిలేది ముప్ఫై. అర నిమిషం పట్టలేదు. కాగితం మీద ముప్ఫై అని రాసి, కింద రెండు గీతలు కొట్టి మామయ్యకిచ్చాను. ఆయన దాన్ని భక్తిగా కళ్ళకద్దుకుని, పంచాంగం వేలాడిన ఆ మేకుకే గుచ్చాడు.

కళ్ళం కాపలా, కాయలు తిరగేసే పని బీబమ్మవి. నలభై ఏళ్ళుగా మిరపకాయలతోనే బతికిన మనిషి. కాయను చెవి దగ్గర ఆడించి, లోపల గింజ గలగలమంటేనే ఎండిందనేది. నా ముప్ఫై సంగతి విని, "అయిదు తట్టలు పోస్తే ఒక తట్ట ఎత్తుతాం అబ్బయ్యా. ఇరవై వస్తది. మించితే ఇంకో రెండు" అంది. నేను జాలిగా నవ్వాను. అత్తా, ఇది శాస్త్రం, వేళ్ళ మీద లెక్క కాదని చెప్పి, అనుభవానికీ ఆధారానికీ తేడా ఏమిటో పావుగంట బోధించాను. ఆమె ఆ పావుగంటలో నాలుగు సాళ్ళు కాయలు తిరగేసింది.

పన్నెండు రోజుల తర్వాత కాటా వేశారు. ఇరవై రెండు మణుగులు.

మామయ్య మూడుసార్లు వేయించాడు. కాటా మారలేదు. మేకు మీది కాగితం తెప్పించి చూశాడు, అదీ మారలేదు. కోతకొచ్చిన ఆడవాళ్ళంతా నిలబడిపోయారు. "ఎనిమిది మణుగులు ఏమైనయ్యి బీబమ్మా?" అన్నాడు మామయ్య, నేల చూస్తూ. ఊళ్ళో ఒక్క కళ్ళంలో ఆ మాట పడితే చాలు, ఇంకే కళ్ళానికీ ఆమెను కాపలా పెట్టరు. అది ఆయనకు తెలుసు, ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

బీబమ్మ ఏడవలేదు, ఒట్లు వేయలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని, "నా గుడిసె వెతుక్కో అయ్యా. అది అయినాక మీ అల్లుడి కాగితం కూడా వెతుకు" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఆమె నోరు మూయించాలనే పెన్సిలు తీశాను. వందలో నీరు పోను అసలు సరుకు ఇరవై మణుగులు. ఎండకు పోయేది నీరే కాని సరుకు కాదు. మరి ముప్ఫై తూగాలంటే ఆ ఇరవైకి తోడు పది మణుగుల నీరుండాలి. అంటే మూడోవంతు నీరు! అలాంటి కాయలు గోతంలో కుక్కితే వారానికి బూజు పట్టి కుళ్ళుతాయి. పక్కనున్న కాయ తీసి చెవి దగ్గర ఆడించాను. గింజ గలగలమంది. అప్పుడు తెలిసింది. ఎనభై అన్నది పచ్చికాయలో పాళ్ళు, పది అన్నది ఎండుకాయలో పాళ్ళు. రెండిటినీ ఒకే రాశి అనుకుని ఒకదాన్లోంచి ఒకటి తీసేసిన ఘనుణ్ణి నేను. ఎండుకాయలో ఆ ఇరవై సరుకు నూటికి తొంభై పాళ్ళు, కాబట్టి మొత్తం ఇరవై రెండూ చిల్లర, అంతే.

ఊరుకుంటే సరిపోయేది. కరపత్రం, మామయ్య, బి.ఏ. చదువు, అన్నీ నా వైపే ఉన్నాయి. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆ క్షణంలో ఊరుకుందామనే అనిపించింది. ఈ ఊగిసలాటలో, కాయ పట్టుకున్న చేత్తోనే కన్ను నలుపుకున్నాను. ఆ తర్వాత నేను చేసిన ఒప్పుకోలు ఉపన్యాసం నా జీవితంలోకెల్లా చిన్నది. "మామయ్యా, తప్పు నా లెక్కది. బీబమ్మత్త చెప్పిందే సరి." మధ్యలో ఏడెనిమిది తుమ్ములు. కన్నీళ్ళు ధారలు కట్టాయి. అవి పశ్చాత్తాపానివో కారానివో కళ్ళంలో ఎవరూ తేల్చలేకపోయారు, నాతో సహా.

మామయ్య తలపాగా తీసి బీబమ్మ ముందు నిలబడ్డాడు. ఆమె ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగి, "నీళ్ళతో కడగమాకు, ఇంకా మండుద్ది. నూనె రాసుకో" అంది. తర్వాత, "ఎందుకని నన్నొక్క మాట అడగలేకపోయావా, ఎందుకయ్యా?" అంది. ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు.

ఇన్నేళ్ళకు ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే కోపం రాదు. పెన్సిలు పట్టుకుని, ఎర్రటి కన్నుతో, ప్రపంచాన్నంతా వెలిగించాలని నిలబడ్డ ఆ బక్కమనిషిని చూస్తే నవ్వొస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది. పంచాంగం మీద వేసిన ప్రశ్నలో వాడు తప్పు చేయలేదు. అదే ప్రశ్న సొంత కాగితం మీద వేసుకోకపోవడమే వాడి మూఢనమ్మకం.

మీ ఇంట్లో శాతాల లెక్కలు చేసే పిల్లలుంటే ఈ పూటే పిలవండి. కాగితం ముట్టకముందే, జవాబు సుమారుగా ఎంతుంటుందో వాళ్ళ నోటితో చెప్పించండి. దేంట్లో శాతం అని అడగండి. వాళ్ళు తడబడితే కోప్పడకండి. ముందు మీరు చెప్పి చూడండి.