మావయ్య మీసం తీసిన నీలం పువ్వు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, ఈ భూమ్మీద నాకు చేతకాని పని ఒకటుందంటే నమ్మేదాన్ని కాదు. చేసేది మలేషియాలో పోర్ట్ క్లాంగ్ ఓడరేవు గోడౌన్‌లో గుమస్తా పని, మాటలు మాత్రం ఓడల యజమానివి. ఒకసారి చల్లటి కొండప్రాంతం కామెరాన్ హైలాండ్స్ వెళ్ళినప్పుడు నర్సరీలో ఒక చిన్న దుంప కొన్నాను. ఆల్ప్స్ కొండల్లో మంచు కరగ్గానే పూసే స్కిల్లా అనే నీలం పువ్వుదట. చూడ్డానికి అచ్చం సాంబారు ఉల్లిపాయ (అమ్మ తాళింపు నుంచి దాన్ని కాపాడుకోవడమే మొదటి గండం). మా ఊరు బంటింగ్‌లో మా పెరట్లో దీన్ని పూయిస్తానని ఇంటిల్లిపాదికీ చాటాను. ఆ ఆదివారం మా ఇంటికి వచ్చిన మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఆ మాట విన్నాడు. ఆయనకి ఇంటి నిండా ఆర్కిడ్లు, మూతి నిండా మీసం. రెండూ ఆయన ప్రాణాలే. "ఏటే పిల్లా, ఈ ఎండలో మంచు పువ్వు పూస్తాదా? పూస్తే నా మీసం తీసేస్తాను లా!" అని, మాట చివర మలేషియా వాళ్ళ 'లా' తగిలించి మీసం మెలేశాడు. "పూయకపోతే ఇంక జన్మలో మొక్కల గురించి నీ ముందు నోరెత్తను మావయ్యా" అని నేనూ శపథం చేశాను.

ఆ దుంపకి ముందు చలికాలం చూపించాలి. మలేషియాలో చలికాలం దొరికేది ఫ్రిజ్‌లోనే కాబట్టి, దుంపని చిన్న కుండీలో నాటి కింద అరలో పెట్టాను. పండ్ల పక్కన ఉంటే లోపలి మొగ్గ చచ్చిపోతుందని ఎక్కడో చదివి, ఫ్రిజ్‌లోకి పండ్లు రాకూడదని శాసనం చేశాను. సరిగ్గా డురియన్ల కాలం, పనసలా ముళ్ళుండి గుప్పుమని వాసనొచ్చే ఆ పండంటే నాన్నకి ప్రాణం. పాపం నాన్న, తెచ్చిన డురియన్ని వాకిట్లో మోటార్ సైకిల్ పక్కన నిలబడి అప్పటికప్పుడే తినేసేవాడు. "కూతురు గర్భిణీ అయితే ఇన్ని పథ్యాలుండవు కదే" అని గొణిగేవాడు. మామ్మ మాత్రం, అంటే నాన్నవాళ్ళమ్మ, నా వైపే ఉండేది. ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా కుండీకి ఓ దండం పెట్టేది.

చివరికి పచ్చటి మొలక తల ఎత్తింది. కుండీని పెరట్లో కరివేపాకు చెట్టు నీడకి మార్చి, పొద్దునా సాయంత్రం మట్టి మీద ఐస్ ముక్కలు పేర్చాను (పక్కింటివాళ్ళు నా వంక జాలిగా చూడటం అప్పుడే మొదలైంది). ఒక శనివారం సాయంత్రం మొగ్గలు నీలం తిరిగాయి. ఎగిరి గంతేసి మావయ్యకి ఫోన్ చేశాను. "రేపు పొద్దున్నే రా. మీసంతో రా, వెళ్ళేటప్పుడు ఎలా వెళ్తావో చూద్దాం" అన్నాను. ఫొటో కూడా పువ్వు విచ్చాకే, మావయ్య పక్కన నిలబెట్టి తీద్దామనుకున్నాను.

పొద్దున్నే మావయ్యని వెంటబెట్టుకుని పెరట్లోకి వెళ్తే, కుండీలో రెండు ఆకులూ, తెగిన కాడ మొదలూ ఉన్నాయి. "ఏదీ, ఎక్కడ పూసినాది?" అని మావయ్య మీసం నిమురుకున్నాడు. నేను ఏడుపు మొహంతో మామ్మని పిలిచాను. ఆవిడ తడి జుట్టుతో, విభూతి బొట్టుతో నవ్వుకుంటూ వచ్చింది. "తొలి పువ్వు కదే! అమ్మోరికి ఎట్టీసినాను" అంది. మా ఇంట్లో ఏ మొక్క తొలి పువ్వయినా దేవుడిదే. అది తెలిసీ కోయొద్దని నేను ముందుగా చెప్పలేదు.

పూజగదిలో మందారాల మధ్య, అమ్మవారి పటం మీద, గోరంత నీలం పూలు అరడజను వెలుగుతున్నాయి. మావయ్య కళ్ళు చికిలించి చూశాడు. "కోసిన పువ్వు లెక్కలోకి రాదు లా. ఇది షాపు పువ్వు కాదని ఏటి నమ్మకం?" అన్నాడు. మామ్మ నవ్వు ఆగిపోయింది. "అమ్మోరి నెత్తిన ఎట్టిన పువ్వు మీద నాను అబద్దమాడతానా బావూ? మా పిల్ల మంచుదేశం పువ్వుని ఫ్రిజ్‌లో పెంచి పూయించినాది. మీ ఆర్కిడ్లు ఎవులైనా పెంచుతారు!" అంది. మావయ్య పటానికి దండం పెట్టుకుని, మా బాత్రూంలోకి వెళ్ళి, నాన్న రేజర్‌తో నున్నగా గీసుకుని వచ్చాడు. ఆ మొహం చూసి నాన్న తింటున్న డురియన్ చేతిలోంచి జారిపోయింది.

మావయ్య మీసం మళ్ళీ దట్టంగా పెరిగింది. ఆ దుంప మాత్రం మా వేడికి కుళ్ళిపోయింది, ఆ తర్వాత తెచ్చినవేవీ పూయలేదు. అప్పటి నాలోని ఆ పిల్లకున్నంత పొగరు ఇప్పుడు నాకు లేదు, కొంచెం మిగుల్చుకుని ఉండాల్సింది. అయినా పువ్వు పూయించానని ఎవరికైనా చెప్పి, వాళ్ళు నమ్మనట్టు చూస్తే, ఫోన్ తీసి ఒక ఫొటో చూపిస్తాను. అందులో పువ్వు ఉండదు, పూజగది లోపల ఫొటోలు మామ్మ తీయనివ్వదు. మా పూజగది గుమ్మంలో, మీసం లేని మావయ్య సిగ్గుపడుతూ నిలబడి ఉంటాడు.