గది ముందు తుమ్మకొమ్మ

1958, వేసవి చివర. ఇల్లు లేని కుటుంబాలకు అద్దె గదులు కుదిర్చే ఆఫీసులో, వికారాబాదులో, నేను గుమాస్తాను. గతి లేనివాళ్లకు గది చూపడం పని. ఒక్క అక్షరం మార్చినందుకే జీతమా అని ఇంట్లోవాళ్లు ఎగతాళి చేసేవారు. నేను మాత్రం మేనమామగారి వరండాలో పడుకునేవాణ్ని.

మా ఆఫీసులో పెద్ద మాట ‘పొజిషన్’. తాళంచెవి చేతికిచ్చి, కుటుంబం గుమ్మం దాటడం చూస్తే పొజిషన్ ఇచ్చినట్టే. ఇక ఆ కేసు ముగిసినట్టే.

ఆ వేసవిలో వచ్చిన కేసు గొర్రెల కాపరి బీరయ్యది; వాళ్లది కోట్‌పల్లి వైపు. గొర్రెలకు రోగమొచ్చి మంద మొత్తం పోయాక భార్య ఎల్లమ్మతో, రెండేళ్ల కూతురితో తాండూరు నాపరాళ్ల గనుల్లో కూలికి వచ్చాడు. స్టేషను పక్కన గోనెసంచుల కింద కాపురం. వానలకు ముందే ఆ జాగా ఖాళీ చేయమన్నారు. పిల్లకు అప్పటికే దగ్గు. నేను ఊరంతా తిరిగితే శరణమ్మ అనే ఒంటరి ముసలావిడ తన ఇంటి ముందుగది ఇస్తానంది. భర్త పోయినప్పటి నుంచి ఆమెకు ఇంట్లో మనిషి అలికిడి లేదు. పొజిషన్ ఇచ్చి, నేను గర్వంగా రైలెక్కాను.

కొద్దిరోజులకే ఆమె కబురు పంపింది: గది వెనక్కి కావాలని.

మొదటి రైలుకు వెళ్లాను. అప్పుడప్పుడే తెల్లవారుతోంది. రాతిపొడి గాలిలో తేలుతూ, ఎవరో కల కంటూ మధ్యలో వదిలేసిన ఊరులా ఉంది తాండూరు. శరణమ్మ ఇంటి దగ్గర చూద్దును కదా, గది గుమ్మానికి అడ్డంగా పెద్ద తుమ్మకొమ్మ. లోపల కుండలు, మూటలు భద్రంగా ఉన్నాయి. బయట నేలమీద, గొంగళ్లలో ముగ్గురు మనుషులు.

శరణమ్మ నన్ను పక్కకు పిలిచింది. వాకిట్లో ముళ్లు పెట్టడం ఇల్లు పాడుపెట్టడమేనని, తను బతికుండగానే ఇంటికి ముళ్లు వేశారని ఆమె బాధ. ఆ మాట చెబితే బీరయ్య తెల్లబోయాడు. అతనికి తెలిసిన కాపురం అదే: విలువైనవాటిని దొడ్లో పెట్టి, దారికి ముళ్లు కొట్టి, అడ్డంగా పడుకోవడం.

తలుపు వేసుకుని లోపల పడుకోవయ్యా అని నేను ఉపన్యాసం మొదలుపెట్టాను.

“తలుపేస్తే ఇనబడదు సార్,” అన్నాడు.

“ఏం వినబడాలి? గొర్రెలు లేవు కదా.”

అతను తల దించుకున్నాడు. ఎల్లమ్మ పిల్ల వీపు నిమురుతూ మెల్లగా అంది: “గొర్లు లేవన్న సంగతి ఆయన చెవులకు ఇంకా ఎర్కలేదు సార్.”

నా ఉపన్యాసం అక్కడే ఆగిపోయింది. శరణమ్మ పెరట్లోకి వెళ్లి తన మేకను పట్టుకొచ్చింది. దాని మెడలో గంట.

“గీ ముండ్లు తీసెయ్యి. దీన్ని గుమ్మం కాడ కడ్త, తలుపు తీసే పెట్టుకో. గంట ఇనుకుంట లోపల పండు,” అంది.

బీరయ్య మేక వీపు తడిమి చూశాడు. “మేక గదనే అవ్వా,” అన్నాడు, గొర్రెల కాపరి బింకం కొద్దిగా మిగిలి ఉండటంతో.

“మేకనే. గొర్రె గావాల్నంటే గీ సార్‌ను కట్టేసుకో.”

ఎల్లమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తుమ్మకొమ్మ తీసింది నేనే; వేలికి ముల్లు గుచ్చుకున్నా పైకి చెప్పలేదు.

వానలు పట్టాక మళ్లీ వెళ్లాను. సన్నటి జల్లు. తెరిచిన తలుపు దగ్గర మేక నెమరేస్తోంది. అది తల కదిపినప్పుడల్లా గంట చప్పుడు వానలో కరిగిపోతోంది. బీరయ్యను పలకరించబోతే ఎల్లమ్మ వేలు పెదవులమీద పెట్టింది.

“ఇయాల గనికి సెలవు. పొద్దెక్కినా లేస్తలేడు. జర మెల్లగ మాట్లాడు సార్.”

పిల్ల తండ్రి పొట్టమీద కాలు వేసి పడుకుని ఉంది. దగ్గు వినబడలేదు.

ఆనాటి నుంచి ఏ కుటుంబానికి గది వెతకాలన్నా, ఇన్నాళ్లూ ఎక్కడ, ఎలా పడుకున్నారని ముందు అడిగేవాణ్ని. గది ఇచ్చాక ఒకసారి తిరిగివెళ్లి, నిద్ర పడుతోందా అని అడిగాకే పొజిషన్ అయినట్టు రాసేవాణ్ని. ఇది ఏ రూల్లో ఉందని పైఅధికారి కేకలేసేవాడు. నేను మళ్లీ రైలెక్కి తాండూరుకో మరో ఊరికో పోయేవాణ్ని, అడగడానికి.