బట్టీ వెలుగు చాలే కెమెరా

టప్, టప్, టప్. గోడ మీది స్విచ్‌లు ఒకదాని వెంట ఒకటి పడిన చప్పుడు. కెమెరాల షాపులో దీపాలన్నీ ఆరిపోయాయి. బయట పట్టపగలే. కానీ షాపు నేలకింది అంతస్తులో ఉంది. మెట్ల మీంచి జారి వచ్చే పిసరంత వెలుతురు తప్ప లోపల ఏమీ మిగల్లేదు.

"కరెంటు పోయిందా?" అని కేకేశాడు షాపాయన.

"పోలేదు, నేనే ఆర్పాను," అంది స్విచ్‌బోర్డు దగ్గర్నుంచి ఓ ఆడగొంతు. "ఇప్పుడు చూపించండి మీ కెమెరాలు."

ఆవిడే లైటక్క. అసలు పేరు రేషన్ కార్డు మీద తప్ప ఇంకెక్కడా వినబడదు. వీడియో స్టూడియోలో పంతొమ్మిదేళ్లుగా లైటు పట్టే పని. వేడుకలు, ప్రారంభోత్సవాలు, కంపెనీ మీటింగులు. ఎత్తిన చెయ్యి దించకుండా గంటలకు గంటలు నిలబడాలి. అలా నిలబడీ నిలబడీ కుడిభుజం ఎడమదాని కంటే బొటనవేలంత పైకి లేచింది. కొన్ని వేల ముఖాలను వెలిగించిన మనిషి, ఒక్క వీడియోలోనూ ఆవిడ నీడ కూడా ఉండదు. నీడ పడనివ్వకపోవడమే ఆవిడ పనితనం.

అలాంటి మనిషికి సొంతంగా ఓ సినిమా తీయాలని పట్టుకుంది. కథా లేదు, పాటలూ లేవు. అందులో ఉండేది వాళ్ల మేనత్త ఒక్కతే.

మేనత్త ముప్పై ఎనిమిదేళ్లుగా రొట్టెల బట్టీ దగ్గర పనిచేస్తోంది. కట్టెల బట్టీ. కిటికీ లేని గది. పొడుగాటి తెడ్డు మీద ముద్దలు పేర్చి లోపలికి తోస్తుంది, కాలాక బయటికి లాగుతుంది. వేడి కొలిచే యంత్రం ఆ గదిలో ఎన్నడూ లేదు. బట్టీ నోట్లో ఇటుకల రంగు చూసి చెబుతుంది. ఎర్రగా ఉంటే ఇంకా ఆగాలి, పండు నారింజ రంగుకు తిరిగితే తోసేయాలి. అందుకే ఆ గదిలో బల్బు లేదు. ఒక్క దీపం వెలిగినా ఆ రంగు కంటికి ఆనదు.

ఇంకో నెలలో ఆ బట్టీని పగలగొట్టి కరెంటు పొయ్యిలు పెడుతున్నారు. లైటక్కకు ఉన్నది ఆ నెల రోజులే.

నిజానికి మొదటి ప్రయత్నం మూడు వారాల క్రితమే జరిగింది. స్టూడియో సార్‌ని బతిమాలి కెమెరా తెచ్చుకుంది. బట్టీ గదిలో అడుగుపెట్టగానే పంతొమ్మిదేళ్ల అలవాటు ఊరుకుంటుందా? చెయ్యి దానంతటదే లేచింది, లైటు భగ్గుమంది. గదంతా తెల్లబడింది. మేనత్త కళ్లు బైర్లు కమ్మాయి. ఆవిడ ఇటుకల రంగు పోల్చుకునేలోపు ఒక వాయి రొట్టెలన్నీ మాడి బొగ్గయ్యాయి. ఆ రోజు కూలి కోసేశారు.

"వెలిగించావే కోడలా, నా కొంప!" అంది మేనత్త, నవ్వాలో ఏడవాలో తెలియక. "ఇంకోసారి ఆ దీపంతో గడప తొక్కితే తెడ్డు తిరగేస్తాను, చూసుకో!"

అందుకే ఇప్పుడు ఈ షాపులో ఈ చీకటి.

సలహా చెబుతానని స్టూడియో సార్ కూడా వెంట వచ్చాడు. కౌంటర్ మీద కొత్త కెమెరా ఒకటి నిగనిగలాడుతోంది. పెద్దది, నల్లటిది. "ఇదే తీసుకో. చేతిలో దీన్ని చూస్తేనే జనానికి భయం, మర్యాద," అన్నాడు సార్.

లైటక్క దాని ముందు చెయ్యి పెట్టింది. అరచెయ్యి కాదు, చేతి వెనక వైపు. లైటు పట్టేవాళ్ల పద్ధతి అది. ముఖం మీద వెలుగు ఎలా పడుతుందో ముందు చేతి వెనక చూసుకుంటారు. కెమెరా తెర మీద ఆ చెయ్యి ఎక్కడా లేదు. చీమల పుట్టను కదిపినట్టు చుక్కలు, చుక్కలు.

"చీకట్లో ఏ కెమెరా అయినా ఇంతేనమ్మా," అన్నాడు షాపాయన.

"ఆ కింది అరలోది తీయండి."

పాతది. ఎవరో మార్చుకుని వదిలేసి వెళ్లింది. అంచుల్లో రంగు లేచిపోయింది. దానికి పెద్ద నోరున్న లెన్సు ఒకటి బిగించారు. ఆవిడ మళ్లీ చెయ్యి చాచింది. తెర మీద, చెరువు అడుగు నుంచి తేలి వచ్చినట్టు, మెల్లగా చెయ్యి కనిపించింది. నరాలు కనిపించాయి. వేడి బల్బులు కాల్చిన పాత మచ్చలు కూడా కనిపించాయి. తన చెయ్యి ఇంత అందంగా ఉంటుందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

"అబద్ధం ఎందుకు, బ్యాటరీ ముప్పావు గంటే వస్తుంది," అన్నాడు షాపాయన. "ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. సౌండు అంతంత మాత్రం. గ్యారంటీ అడగొద్దు."

"సౌండుకు ఫోనుంది. తిప్పడానికి చెయ్యుంది. ముప్పావు గంటలో మా అత్త రెండు వాయిలు లాగేస్తుంది."

సార్‌కు తలకొట్టేసినట్టయింది. "ఈ డొక్కు దాన్నా? ఇది పట్టుకుని నిలబడితే నిన్నెవరు లెక్కచేస్తారే?"

"ఇన్నాళ్లూ చేశారా ఏంటి సార్?"

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట!"

"ఉట్టి మీకే వదిలేశాను సార్. పెరుగు జాగ్రత్త."

షాపాయన నవ్వు ఆపుకోలేక కౌంటర్ కింద ఏదో వెతుకుతున్నట్టు వంగాడు.

అయితే ఆవిడ దగ్గరున్న డబ్బు కెమెరాకు సరిపోయింది, లెన్సుకు సరిపోలేదు. ఆ లెన్సు లేకపోతే కెమెరా గుడ్డిదే. ఆవిడ భుజానికున్న సంచిలోంచి లైటు తీసి కౌంటర్ మీద పెట్టింది. స్టూడియోది కాదు, సొంతది. ఏళ్ల తరబడి కూడబెట్టి కొనుక్కున్నది. దాన్ని చూసే ఆవిడను పనికి పిలుస్తారు.

"దీనికి బదులు లెన్సు ఇవ్వండి."

సార్ నవ్వు మానేశాడు. "పిచ్చి గానీ పట్టిందా? లైటు ఇచ్చేస్తే రేపు ఏం పట్టుకుంటావు?"

"కెమెరా," అంది లైటక్క. వెళ్లి స్విచ్‌లన్నీ వేసింది. షాపులో అందరూ కళ్లు చికిలించారు. ఆవిడ మాత్రం చికిలించలేదు.

మర్నాడు ఆవిడ బట్టీ గది గడప దాటుతుండగానే మేనత్త తెడ్డు ఎత్తింది. "దీపం ఏదే? ఎక్కడ దాచావు?"

"ఇచ్చేశాను అత్తా."

మేనత్త తెడ్డు దించింది. "బువ్వ పెట్టేదాన్ని ఇచ్చేశావా? మీ నాన్న పోలికే నీది. తిక్క." అని బట్టీ వైపు తిరిగింది. మళ్లీ కెమెరా వైపు చూడలేదు.

తెర మీద మొదట చీకటి. ఆ చీకట్లో ఎర్రని నోరు. నోటి ముందు ఒక చెంప, చెమట, చెవి వెనక తెల్ల వెంట్రుకలు. ఫోకస్ తప్పిపోయేది. తిప్పేది, మళ్లీ తప్పేది. తొలి రెండు రోజులు సగం బొమ్మలు అలికినట్టే వచ్చాయి. మూడో రోజుకు వేలికి పని తెలిసింది. నాలుగో రోజు తెర మీద అత్త చెంప ఎరుపు వదిలి నారింజకు తిరగడం చూసి, లైటక్క తనకు తెలియకుండానే "ఇప్పుడు" అంది. అదే క్షణంలో తెడ్డు కదిలింది.

"వాగకు, పని చేసుకోనీ," అంది మేనత్త. వెనక్కి తిరగలేదు గానీ ఆ చెంప మీద నవ్వు కెమెరాకు చిక్కింది.

నెల తిరిగేసరికి బట్టీ ఇటుకల కుప్పయింది. స్టూడియో నుంచి పిలుపులు ఆగిపోయాయి. లైటక్క పొద్దుటిపూట మేనత్తతో కలిసి కొత్త పొయ్యిల దగ్గర రొట్టెలు పొట్లాలు కడుతోంది, సాయంత్రాలు సినిమా ముక్కలు అతుకుతోంది. మొదటిసారి ఆ సినిమాను బట్టీ కూలీలే చూశారు, రొట్టెలు ఆరబెట్టే గది గోడ మీద. తన ముఖం కనబడగానే మేనత్త, "అయ్యో, ఆ కొంగు సరిచేసుకోమని చెప్పొద్దటే!" అని తిట్టి, చివరిదాకా కదలకుండా కూర్చుంది.

ఈ వివరాలు రాసుకోవడానికి నేను వెళ్లిన రోజు లైటక్క, గొడుగులు బాగుచేసే ఓ ముసలాయన గదిలో ఉంది. ఆయన ఊచలు వంచుతున్నాడు. ఆవిడ కెమెరా చెంపకు ఆనించి మోకాళ్ల మీద కూర్చుంది. చేతిలో నాలుగు డబ్బులు ఆడితే మంచి కెమెరా కొంటారా అని అడిగితే, తెర మీంచి కళ్లు తీయకుండానే అంది:

"కొంటానేమో. అప్పటిదాకా చేతులు ముడుచుకుని కూర్చోమంటారా? ముందు ఆ కిటికీ దగ్గర్నుంచి లేవండి. ఉన్న కాస్త వెలుగూ మీరే తినేస్తున్నారు."