పదకొండో వరుస

దేవరకొండ బస్టాండు పక్కన ఫైసల్ తండ్రికి చాయ్ హోటల్ ఉండేది. గ్లాసులు ఇరవై, తాగేవాళ్లు రెండు వందల మంది. ఒకరు తాగి పెట్టిన గ్లాసునే కడిగి ఇంకొకరికి పోయాలి. ఆ గ్లాసులు కడుగుతూనే ఫైసల్ ఇంటర్ దాటాడు, డిగ్రీ మధ్యలో మానేశాడు, పాత పుస్తకాల దుకాణంలో దొరికిన కంప్యూటర్ పుస్తకాలను అట్ట నుంచి అట్ట దాకా చదివి కోడ్ రాయడం నేర్చుకున్నాడు. ఇరవై ఆరేళ్లకు నల్లగొండలో ఒక చిన్న కంపెనీలో కుర్చీ దొరికింది. అక్కడ డిగ్రీ లేనివాడు అతనొక్కడే. ఆ సంగతి అతను ఏ పూటా మరిచిపోకుండా మిగతావాళ్లు చూసుకునేవాళ్లు.

నీళ్ల ట్యాంకర్ల యాప్‌ను మొదట జావాలో రాసింది అతనే. ఎండాకాలం నల్లాలు రాని పదకొండు ఊర్ల జాబితా డ్రైవర్ ఫోనులో కనబడుతుంది. నీళ్లు పోయని ఊరి వరుస ఎర్రగా ఉంటుంది, పోసినాక నొక్కితే పచ్చబడుతుంది. చదువురాని డ్రైవర్‌కు ఆ రంగే ఆధారం. పచ్చగా ఉన్న ఊరికి బండి తిప్పితే డీజిల్ దొంగ అంటారు.

ఫోనులో ఒకసారికి ఎనిమిది ఊర్లే పడతాయి. వేలితో పైకి తోస్తే మిగతావి వస్తాయి. అయితే ఫోను ప్రతి ఊరికీ కొత్త వరుస చేయదు. ఇంకో రెండు చేసి, పదకొండో ఊరికి మాత్రం పైకి పోయిన మొదటి వరుసనే తెచ్చి పేరు మార్చి కింద పెడుతుంది. ఆ వరుసల్లో ఏం నింపాలో చెప్పే ముక్కను అడాప్టర్ అంటారు. దాని గురించి చదివిన రోజే ఫైసల్‌కు ఇది తనకు తెలిసిన పనే అనిపించింది. అందుకే తన అడాప్టర్‌లో మొదటి లైను వరుసను ఎర్రగా మార్చేది. నీళ్లు పోసి ఉంటేనే రెండో లైను దాన్ని పచ్చగా చేసేది. మొదటి లైను పక్కన గుర్తుకోసం రాసుకున్నాడు: ముందు గ్లాసు కడుగు.

ఆ మార్చిలో ఓనర్ అమరేందర్ యాప్‌ను జావా నుంచి కోట్లిన్ అనే కొత్త కంప్యూటర్ భాషలోకి మార్పించాడు. పని ఇంజనీరింగ్ చదివొచ్చిన నాగరాజుకు ఇచ్చాడు. రాసినవాడు పక్క కుర్చీలోనే ఉన్నాడు, అతన్ని ఒక్క మాట అడిగినవాడు లేడు. నాగరాజు నలభై లైన్లను పదిహేనుకు కుదించి అందరికీ చూపించుకున్నాడు.

ఏప్రిల్‌లో ఆ కొత్త యాప్ డ్రైవర్ల ఫోన్లలోకి ఎక్కింది. నాలుగైదు రోజులకే బోడబండ గూడెం నుంచి లీలమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకొని ఆఫీసు మెట్లెక్కింది. జాబితాలో అన్నిటికన్నా చిన్న ఊరు అదే, అందుకే ఆఖరున రాశారు.

"నాలుగు దినాలాయె సారూ, చుక్క రాలే. డ్రైవరేమో ఫోన్ల పచ్చగున్నదంటడు. గా పచ్చదనం ఈ బిందెల ఏడున్నదో జర చూపియ్యి."

అమరేందర్ బిందె వైపు చూడలేదు. "మా రికార్డుల పోయలేదనే ఉందమ్మా. డ్రైవర్ అబద్ధమాడుతుండు," అన్నాడు. డ్రైవర్ దస్తగిరిని పనిలోంచి తీసేయమని ట్యాంకర్ల కాంట్రాక్టర్‌కు ఉత్తరం తయారైంది.

దస్తగిరి ఫైసల్ వాళ్ల గల్లీవాడే. సంజాయిషీ కోసం ఆ పూటే పిలిపించి అతన్ని కింద మెట్ల దగ్గరే నిలబెట్టారు. ఫైసల్ దిగి వచ్చాడు.

"చాచా, నిజంగనే పోలేదా?"

"పచ్చగుంటే ఎట్ల పోవాల్రా? పోయిన నెల పచ్చగున్న ఊరికి పోతే డీజిల్ దొంగ అన్నరు. ఇప్పుడు పోకుంటే పనిదొంగ అంటున్నరు. నేను ఏ దొంగనో మీరే ఖాయం చేసి చెప్పుండ్రి."

ఫైసల్ అతని ఫోను తీసుకొని జాబితాను పైకి తోశాడు. అన్నిటికన్నా కింద బోడబండ పచ్చగా కనబడింది. రెండేసి మెట్లెక్కి పైకి పోయి నాగరాజు కోడ్ తెరిచాడు. కడిగే లైను లేదు.

"ఎందుకు తీసేసినవ్?"

"వరుస మొదట్నుంచే ఎర్రగుంటది కదన్నా, మళ్ల ఎరుపు దేనికి? పైగా గ్లాసులు కడుగుడేంది? గిది ఆఫీసా, చాయ్ హోటలా?"

"ఎన్ని ఊర్లు పెట్టి చూసినవ్?"

"ఐదు."

"ఐదైతే పైకి తోసే పనే లేదు. మొదటి వరుస మళ్ల కిందికొచ్చేదే లేదు. ఐదూర్లు చూసి పదకొండూర్లకు నీళ్లు పోసినవన్నమాట."

ఫైసల్ ఫోను తీసుకెళ్లి అమరేందర్ బల్ల మీద పెట్టి, తోసి చూపించి, ఒకరి గ్లాసు కడగకుండా ఇంకొకరికి పెట్టినట్టు మొదటి ఊరి పచ్చ రంగే బోడబండకు వచ్చిందని చెప్పాడు. లీలమ్మ ఇంకా అక్కడే కూర్చుని ఉంది.

"అంటే ముందటి ఊరోళ్ల ఎంగిలి గ్లాసు మాకు పెట్టిండ్రు," అంది ఆమె. "అది గూడ ఉత్త గ్లాసు."

అమరేందర్ ఆమెను బయట కూర్చోమని పంపి తలుపు వేశాడు. "ఇంకో రెండు మండలాల పని మనకొస్తాంది. ఇప్పుడు యాప్‌ల తప్పుందని చెప్తమా? లైన్ సప్పుడు చెయ్యకుండ తర్వాత పెడుదాం. ఆ డ్రైవర్ చదువురానోడు, ఇంకో బండి చూసుకుంటడు."

"నేను గూడ చదువు సగంల ఆపినోణ్నే సార్. నన్ను ఎప్పుడు బలియ్యాలనుకున్నరు?"

ఫైసల్ అక్కడే నిలబడి దస్తగిరి ఫోను తెర మీద పచ్చ వరుస ఎలా కిందికి వస్తుందో తన ఫోనుతో వీడియో తీశాడు. కాంట్రాక్టర్‌కూ పంచాయతీ కార్యదర్శికీ పంపాడు. కింద తన పేరు పెట్టాడు.

"రేపట్నుంచి రాకు," అన్నాడు అమరేందర్.

"రేపటిదాంక ఎవడుంటడు?"

ఫైసల్, దస్తగిరి, లీలమ్మ ఎక్కిన బస్సు దేవరకొండ చేరేలోపే కాంట్రాక్టర్ ఫోను చేసి దస్తగిరిని బండి తీయమన్నాడు. పొరపాటైందన్న మాట అతని నోట కూడా రాలేదు. ట్యాంకర్ నింపుకొని ముగ్గురూ క్యాబిన్‌లో ఎక్కారు. లీలమ్మ బిందెను ఒళ్లో పెట్టుకుంది. యాప్‌ను ఇంకా ఎవరూ సరిచేయలేదు. ఇప్పట్లో సరిచేయరని ఫైసల్‌కు తెలుసు. చేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది.

గూడెం మలుపు దగ్గర దస్తగిరి బండి నెమ్మది చేశాడు. నెల రోజుల భయం అతని కాలు బ్రేకు మీది నుంచి తీయనివ్వలేదు.

"ఒకపారి చూడురా. ఏమంటాంది?"

ఫైసల్ ఆఖరి దాకా తోసి చూశాడు. "పచ్చగనే ఉంది."

"మరి?"

"పో చాచా. ఎవడన్న అడిగితే నా పేరు చెప్పు."