రేడియోతో రౌటర్ బాగుచేసిన అన్నయ్యగారు

రెండిళ్ల అవతల అన్నయ్యగారు పోయారని మొన్న గురువారం వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. కాఫీ తాగి, కుర్చీలో కూర్చుని, అలాగే వెళ్లిపోయారట. ఎవరినీ ఇబ్బంది పెట్టకపోవడం ఆయన పద్ధతి. ఇబ్బంది పెట్టడం నా పద్ధతి కనుక, ఆయన గురించి నేనే రాయాలి.

కరెంటు ఆఫీసులో, సబ్‌స్టేషన్లలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాక, అమెరికాలో, మా ఊరు ఈ నోవైలో కూతురి దగ్గర ఉండేవారు. మా చుట్టుపక్కల తెలుగువాళ్లలో ఎవరింట్లో రౌటర్ మొరాయించినా, జేబులో చిన్న ట్రాన్సిస్టర్ రేడియో వేసుకుని మంచులో నడుచుకుంటూ వచ్చేవారు. రౌటర్‌కి రేడియోతో వైద్యమేమిటని నేను నవ్వాను. ఆయనా నవ్వారు. బదులు చెప్పి ఉంటే వాదన పెట్టుకునేదాన్ని.

నా కష్టమల్లా మా అక్క. పక్షవాతం వచ్చి ఆవిడకి మాట పోయింది; తెనాలిలో మంచం మీదే ఉంటుంది. ఫోన్ చేస్తే వినిపించేది ఊపిరే. అందుకని ప్రతి శనివారం పొద్దున్న కంప్యూటర్‌లో ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం. సరిగ్గా ఆ వేళకే అక్క మొహం గళ్లుగళ్లుగా విడిపోయి ఆగిపోయేది. మా అమ్మాయి అప్పటికే రెండు రౌటర్లు మార్చింది.

"ఇంకా పెద్దది ఆర్డర్ చేస్తానమ్మా" అంది.

"వద్దులే, నన్నే తెనాలికి పార్సిల్ చెయ్యి" అన్నాను.

ఆ శనివారమే మా అమ్మాయి అన్నయ్యగారిని పిలిచింది. అక్క మొహం తెర మీద ఆగిపోయి ఉంది. దుమ్ము పడకుండా నేను రౌటర్‌కి కప్పిన ఎంబ్రాయిడరీ గుడ్డని ఆయన తీసి, మడతపెట్టి నా చేతికిచ్చారు.

"దీనికి చలి వెయ్యదమ్మా."

"పాడైందా అన్నయ్యగారూ?"

"పాడైన సంగతి తర్వాత. ముందు ఇంట్లో ఏమేం నడుస్తున్నాయో చెప్పండి." ఏ ఇంటికెళ్లినా ఆయన మొదటి మాట ఇదే.

"నా నోరు నడుస్తోంది."

"అది కాక?"

రేడియోని ఏ స్టేషనూ పలకని చోటికి తిప్పి ఇల్లంతా తిరిగారు. హాల్లో సన్నగా గుసగుసలాడింది. వంటింట్లో అడుగుపెట్టగానే గరగరమంది. మూలన మినప్పప్పు రుబ్బుతున్న గ్రైండర్ దగ్గర ఆగారు. సూట్‌కేసులో ఇండియా నుంచి మోసుకొచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ తగిలించి వాడుకుంటున్న నా గ్రైండర్! అది తిరుగుతుండగా అక్కతో మాట్లాడటం నా శనివారపు అలవాటు. ప్లగ్ వదులై లోపల నిప్పురవ్వలు రేగుతున్నాయి. రేడియోలో గరగర ఆ రవ్వలదేనట; ఆ అలజడంతా పక్కనే గోడలో ఉన్న ఇంటర్నెట్ తీగకి చేరుతోంది. ఆయన ప్లగ్ లాగేశారు. రేడియో ఊరుకుంది.

కాసేపటికి తెర మీద అక్క కనురెప్పలు కదిలాయి.

"మూడు నెలలుగా మా అక్కని ఆపేస్తున్నది నేనేనా?" అన్నాను, గ్రైండర్‌ని చూస్తూ.

"ఇకనుంచి పప్పు శుక్రవారం రుబ్బుకోండమ్మా" అన్నారు, తప్పంతా శనివారానిదే అన్నట్టు.

కొత్త ప్లగ్ తనే బిగించారు. ఆ తర్వాత కూడా శనివారాలు వచ్చి, నా కుర్చీ వెనక రేడియో చెవికి ఆనించుకుని ఓ నిమిషం నిలబడి వెళ్లేవారు. అక్క ఆయన్ని చూసి ఎడమ చెయ్యి చెవి దాకా ఎత్తేది. ఆవిడ కొత్తగా నేర్చిన ఒక్క మాట అది. ఆయన రేడియో ఎత్తి నమస్కారం పెట్టేవారు.

మొన్న శనివారం అక్క నన్ను చూసింది. నా భుజం వెనక్కి చూసింది. ఎడమ చెయ్యి నెమ్మదిగా ఎత్తి చెవికి ఆనించింది.

ఆయన ఇక రారని ఆవిడకి ఎలా చెప్పను? ఆ ఒక్క పూటైనా బొమ్మ ఆగిపోతే బాగుండుననుకున్నాను. ఆగలేదు. చెయ్యి దించకుండా అక్క నా వెనక్కే చూస్తూ ఉంది.