మెయ్ చెప్పిన ‘ఓల్డ్’

పెళ్ళయి అమెరికాలోని నోవై అనే ఊరికి వచ్చిన కొత్తలో లైబ్రరీలో ఇంగ్లీష్ క్లాసుకి వెళ్ళేదాన్ని. నా పక్కన మెయ్ అనే చైనా అమ్మాయి కూర్చునేది. ఒకరోజు మా టీచరమ్మ “నా గురించి ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పండి” అంది. ఆవిడ జుట్టంతా నెరిసిపోయింది. మెయ్ లేచి నిలబడి, ఎంతో వినయంగా “యూ ఆర్ ఓల్డ్” అంది. వాళ్ళవైపు పెద్దవాళ్ళని అలా అనడం గౌరవమట.

టీచరమ్మ మొహం ఎర్రబడింది. “ఇక్కడ అది అవమానం. సారీ చెప్పు” అని అందరి ముందూ కసిరింది. మెయ్ తల వంచుకుని సారీ చెబుతూనే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

“మేడమ్, మా ఇళ్ళల్లోనూ పెద్దావిడంటే లేచి కుర్చీ ఇస్తాం. తనేం తప్పు చేసింది?” అని వచ్చీరాని ఇంగ్లీషులోనే గట్టిగా అడిగేశాను. ఆవిడ వినిపించుకోకుండా పుస్తకంలో పేజీ తిప్పింది.

మరుసటి వారం మెయ్ తనంతట తనే లేచి “యూ ఆర్ యంగ్” అంది. టీచరమ్మ మురిసిపోయి మా అందరిచేతా చప్పట్లు కొట్టించింది. నేను మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాను.

గౌరవించినందుకు ఆ పిల్లచేత సారీ చెప్పించారు, అబద్ధమాడినందుకు చప్పట్లు కొట్టారు. దాన్ని ఇంగ్లీష్ క్లాసని నేనిప్పటికీ అనలేను.