మా పానా పట్టని బోరింగు

రఘునాథపల్లి దగ్గరి ఓ పల్లెలో మొగిలమ్మ నాట్లకూ కోతలకూ పోయే కూలి మనిషి. 1976లో వాళ్ల వాడలో చేతిపంపు వేశారు. అందరూ దాన్ని బోరింగు అనేవారు. రెండేళ్లకే చెడిపోయింది. దాని సామాను దాన్ని తయారుచేసిన కంపెనీ దగ్గర తప్ప దొరకదు. ఆ కంపెనీ మూతపడింది. వరంగల్‌లో ఎన్ని దుకాణాలు తిరిగినా దానికి సరిపడే వాషరు లేదు.

ఇక వాళ్లు కూలికి పోయే దొర బావే దిక్కయింది. కూలి తక్కువిచ్చారని ఆయన మనుషులకు ఎదురు చెప్పిన మర్నాడు బావి దగ్గర నీళ్లు తోడనివ్వక, మొగిలమ్మ ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. ఆ తర్వాత నోరు మెదపలేదు.

1982లో కొత్త బోరింగు వచ్చింది. ఏ కంపెనీ చేసినా ఒకే కొలతతో చేయాల్సిన రకం. ఊరికొకరికి మరమ్మతు నేర్పుతామని బ్లాకు ఆఫీసువాళ్లు అంటే మొగిలమ్మ ముందుకొచ్చింది. పది రోజుల్లో నేర్చుకుని రెండు పానాలతో ఇంటికొచ్చింది.

మరుసటి ఎండాకాలం బోరింగు పిడిని లోపలి కడ్డీకి కలిపే చైను తెగింది. పక్క ఊళ్లో నీళ్లింకిపోయి మూలపడ్డ బోరింగు ఉందని తెలిసి నడిచి వెళ్లి, అడిగి దాని చైను తెచ్చుకుంది. వేరే కంపెనీది. అయినా ఇట్టే కూర్చుంది. నీళ్లు దూకగానే గ్రీజు చేతులతోనే ముఖం కడుక్కుని నవ్వింది.

1985లో రెండో బోరింగు కోసం సర్పంచి వెంకట్రాజం ఓ కాంట్రాక్టరును తీసుకొచ్చాడు. పంపు నిగనిగలాడుతోంది. మొగిలమ్మ పానా పెట్టి చూసింది. జారిపోయింది.

"గిదేంది సారూ, పానా పడ్తలేదు?"

"దీనికి మా పానానే కావాలె. చెడితే మావోళ్లే వస్తరు. నీకేం ఫికర్?"

"రాకపోతే?"

కాంట్రాక్టరు విసుక్కున్నాడు. మొగిలమ్మ సర్పంచి వైపు తిరిగింది.

"పటేలా, ఎనుకటి కంపెనీ గూడ గిట్లనే అన్నది. నాలుగేండ్లు దొర బాయికాడ తలకాయ వంచుకోని నిలబడ్డం. మా పానా పట్టని బోరింగు మాకొద్దు."

"ముఫత్‌గ వస్తాంటే వద్దంటవా, మొగిలక్కా?"

"వద్దు పటేలా."

వెనక నిలబడ్డ ఆడవాళ్లు కూడా వద్దన్నారు. వెంకట్రాజం కాంట్రాక్టరు వైపు తిరిగి, "అయితే గా కొలతదే తెండ్రి" అన్నాడు. కాంట్రాక్టరు గొణుక్కుంటూ పంపును మళ్లీ లారీ ఎక్కించాడు. పదిహేను రోజులకు అందరి పానా పట్టేది తెచ్చాడు.

ఆ ఏడు నాట్లప్పుడు కూలి పెంచితేనే వస్తామని వాడ ఆడవాళ్లు దొరకు చెప్పి పంపారు. ఆయన ఒప్పుకోవడానికి వారం పట్టింది. దొర బావి వైపు ఎవరూ పోకపోయినా ఆ వారంలో ఏ ఇంటా బిందె ఖాళీగా లేదు. పని లేని ఆ రోజుల్లో మొగిలమ్మ పక్కింటి సమ్మమ్మకూ, మరో ఇద్దరికీ వాషరు మార్చడం నేర్పింది.